రక్తంలోని కాపలాదళం, భీమవరం డాక్టరుగారి మాత్ర

గోదావరి జిల్లాల్లో ఫైలేరియా మాత్రలు ఇంటింటికీ పంచిన సంవత్సరాల్లో చాలా ఇళ్ళల్లో ఒకటే తంతు. మాత్రలు తెచ్చినవారి ఎదుట "అన్నం తిని వేసుకుంటాం లెండి" అనడం, వాళ్ళు వీధి మలుపు తిరగగానే ఆ మాత్రలను అలమారలో పడెయ్యడం. ఎందుకు వేసుకోలేదని అడిగితే రెండు కారణాలు చెప్పేవారు. "మాకు బోదకాలు లేదు గదా, మాకెందుకు?" అనేది ఒకటి. "ఎదురింటాయన వేసుకుంటే రాత్రికి జ్వరం వచ్చింది. బాగున్న మనిషికి జ్వరం తెప్పించే మందు మంచిదెలా అవుతుంది?" అనేది రెండోది.

రెండూ సబబైన సందేహాలే. అయితే వీటికి జవాబు మాత్రలో లేదు, మన రక్తంలోనే ఉన్నది. రోగాన్ని ఎదిరించడానికి ప్రకృతి మన ఒంట్లో ఏర్పాటు చేసిన కాపలాదళం ఎలా పని చేస్తుందో తెలిస్తే ఆ జ్వరం ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. ఏ జబ్బూ లేదనుకున్నవారు కూడా మాత్ర ఎందుకు మింగాలో బోధపడుతుంది. ఆ మందును వెలుగులోకి తెచ్చిన పరిశోధక బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టినవాడే.

గాజు నాళికలో చావని పురుగు

ఫైలేరియా పురుగు దారప్పోగులా సన్నగా ఉంటుంది. మన ఒంట్లో రక్తనాళాలతోపాటు లింఫు నాళాలనే మరో వల ఉన్నది. కణాల మధ్య చేరిన నీటిని మళ్ళీ రక్తంలోకి చేర్చడం వాటి పని. ఇంట్లో వాడిన నీళ్ళు బయటికి పోయే తూము వంటివి అనుకోండి. ఫైలేరియా పురుగులు సరిగ్గా ఆ నాళాల్లోనే కాపురం పెడతాయి. ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతికి, లక్షలాది పిల్లలను కంటాయి. మైక్రోఫైలేరియాలనే ఈ పిల్లలు మన ప్రాంతంలో రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి. అందుకే రక్త పరీక్షకు సిబ్బంది రాత్రి పదింటి తర్వాత వచ్చి తలుపు తడతారు. మురుగు కాలువల్లో పెరిగే క్యూలెక్స్ దోమ కూడా రాత్రిపూటే కుడుతుంది. అది ఒకరి రక్తంతోపాటు ఈ పిల్లలను పీల్చుకుంటుంది. అవి దాని ఒంట్లో కొన్నాళ్ళు పెరిగాక, మరొకరిని కుట్టినప్పుడు వారికి సోకుతాయి.

మొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. ఈ పురుగులున్నవారిలో చాలామందికి పైకి ఏమీ కనిపించదు. కాలు వాయదు, జ్వరం రాదు. కాని లోపల లింఫు నాళాలు చెడుతూ ఉంటాయి, రాత్రిపూట వారి రక్తం దోమలకు పురుగులను అందిస్తూ ఉంటుంది. "మాకు బోదకాలు లేదు" అన్నంత మాత్రాన పురుగు లేదని కాదు.

ఈ పురుగు మీద ప్రయోగించే మందు పేరు డైఇథైల్ కార్బమజీన్. పొట్టిగా డి.ఇ.సి. అంటారు. తొలి రోజుల్లో 'హెట్రజాన్' పేరుతో వచ్చింది. 1947లో దాని గురించి మొదటి పరిశోధన ఫలితాలు ప్రకటించారు. ఆ తర్వాత ఫ్రాంక్ హాకింగ్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక విచిత్రం గమనించి 1950లో వెల్లడించారు. (నల్ల బిలాల మీద పరిశోధనలతో పేరు పొందిన స్టీఫెన్ హాకింగ్‌కు ఈయన తండ్రి.) మైక్రోఫైలేరియాలను గాజు నాళికలో ఉంచి, వాటి మీద ఈ మందు గాఢంగా పోసినా అవి చావలేదు, హాయిగా కదులుతూనే ఉన్నాయి. అదే మందును పురుగులున్న ఎలుకకు ఇస్తే కొద్ది నిమిషాల్లోనే దాని రక్తంలోంచి అవి మాయమైపోయాయి. ఎక్కడికి పోయాయని వెదికితే కాలేయంలో దొరికాయి. వాటి చుట్టూ భక్షక కణాలు మూగి తినేస్తున్నాయి!

అంటే ఈ మందు తనంతట తాను పురుగును చంపడం తక్కువ. పురుగును శరీరపు రక్షణ వ్యవస్థకు పట్టి ఇవ్వడమే దాని ముఖ్యమైన పని. చంపేది మన శరీరమే. ఈ పనిలో తెల్ల రక్తకణాలు, రక్తఫలకికలు, రక్తనాళాల గోడలు కూడా పాలు పంచుకుంటాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

వేడి చేస్తే పోయే శక్తి

రక్షణ వ్యవస్థ అనగానే మనకు తెల్ల రక్తకణాలు, యాంటీబాడీలు గుర్తుకు వస్తాయి. వీటికి తోడుగా మూడో దళం ఒకటున్నది. దాని పేరు కాంప్లిమెంట్. పూర్తి చేసేది, పూరకం అని అర్థం.

దీని ఉనికిని బయటపెట్టినవాడు జూల్స్ బోర్డే అనే బెల్జియం డాక్టరు. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పని చేస్తూ 1895లో ఆయన ఈ ప్రయోగాలు మొదలుపెట్టాడు. కలరా క్రిములకు వ్యతిరేకంగా టీకా వేసిన జంతువు సీరం ఆ క్రిములను కరిగించి చంపుతుంది. ఆ సీరాన్ని సుమారు 55 డిగ్రీల దాకా వేడి చేస్తే ఆ శక్తి పోతుంది. పోయిందనుకున్న ఆ సీరంలో, టీకా వెయ్యని జంతువు నుంచి తీసిన తాజా సీరం కొంచెం కలిపితే శక్తి మళ్ళీ వస్తుంది! ఆ రెండోది ఒక్కటే అయితే ఆ క్రిములను అలా చంపలేదు. కాబట్టి ఇందులో ఉన్నవి రెండు పదార్థాలు. వేడికి చెడనిది, టీకా వల్ల పుట్టేది ఒకటి. అది యాంటీబాడీ. వేడికి చెడిపోయేది, అందరి రక్తంలోనూ పుట్టుకతో ఉండేది మరొకటి. దానికే తర్వాత పాల్ ఎర్లిష్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 'కాంప్లిమెంట్' అని పేరు పెట్టాడు. బోర్డేకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

లాకులు తెరిచినట్టు

కాంప్లిమెంట్ అంటే ఒక పదార్థం కాదు. ముప్ఫైకి పైగా మాంసకృత్తుల గుంపు. వీటిలో చాలా వాటిని తయారు చేసేది కాలేయం. సి-1 నుంచి సి-9 దాకా వీటిలో ముఖ్యమైనవాటికి అంకెలు వేశారు. మామూలు వేళల్లో ఇవి నిద్రపోతున్నట్టు రక్తంలో తిరుగుతుంటాయి. శత్రువు కనబడగానే ఒకటి మేల్కొని రెండో దానిని లేపుతుంది, అది మూడో దానిని. ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తితే నీరు పెద్ద కాలువలోకి, అక్కడి నుంచి పిల్ల కాలువలోకి, చివరికి చేలో బోదెలోకి వచ్చినట్టుగా ఈ వరస సాగుతుంది. తేడా ఏమిటంటే కాలువ నీరు పంచుకుంటూ పోయేకొద్దీ తగ్గుతుంది, ఇక్కడ అడుగడుగునా బలం పెరుగుతుంది.

ఈ దళం చేసే పనులు మూడు. మొదటిది, శత్రువు ఒంటికి గుర్తు పూయడం. సి-3 అనే మాంసకృత్తు ముక్కలు క్రిమికి అంటుకుంటే భక్షక కణాలు దాన్ని ఇట్టే పట్టుకుంటాయి. రెండోది, దండోరా వెయ్యడం. మరికొన్ని ముక్కలు విడివడి, గాయమైన చోటికి తెల్లకణాలను పిలుస్తాయి. ఆ చోట ఎర్రబడడం, వాయడం, నొప్పి పుట్టడంలో వీటి పాత్ర ఉన్నది. మూడోది, కుండకు చిల్లు పెట్టడం. చివరి అంకెల మాంసకృత్తులు కలిసి క్రిమి గోడకు రంధ్రం చేస్తే అది ఉబ్బి పగిలిపోతుంది.

నీళ్ళు వదలడం ఎంత ముఖ్యమో లాకులు మూయడమూ అంతే ముఖ్యం. లేకపోతే చేను మునిగిపోతుంది. అందుకని మన కణాలను ఈ దాడి నుంచి కాపాడే అదుపు మాంసకృత్తులు కూడా రక్తంలో ఉన్నాయి. వాటిలో ఒకటి 'ఫాక్టర్ హెచ్'. ఇది ఉన్నచోట దళం వెనక్కు తగ్గుతుంది. దొంగలు దీన్ని కనిపెట్టారు! ఫైలేరియాకు దాయాది అయిన ఒక పురుగు ఆఫ్రికాలో మనుషుల చూపు పోగొడుతుంది. దాని పిల్లలు మన ఫాక్టర్ హెచ్‌నే తమ ఒంటికి తగిలించుకుని, సొంతవాళ్ళలా నటించి తప్పించుకుంటాయని 2002లో పరిశోధకులు ప్రకటించారు. ఇంతటి మోసగాళ్ళు గనుకనే ఇలాంటి పురుగులు మనిషి ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండగలుగుతున్నాయి.

ఇప్పుడు ఎదురింటాయన జ్వరం సంగతి చూద్దాం. మాత్ర పడ్డాక రక్తంలోని మైక్రోఫైలేరియాలు ఒక్కసారిగా చస్తాయి. వాటి ఒంట్లోంచి వెలువడిన పదార్థాల మీద రక్షణ వ్యవస్థ విరుచుకుపడుతుంది. జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, దురద, వాంతి, ఇవన్నీ ఆ యుద్ధపు చప్పుళ్ళు. ఇలాంటి బాధ ఎక్కువగా వచ్చేది రక్తంలో పురుగు పిల్లలున్నవారికే. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఆయనకు జ్వరం వచ్చిందంటే మందు చెడ్డదని కాదు, తనకు తెలియకుండానే పురుగులను మోస్తూ ఉండవచ్చునని అర్థం. మాత్ర అందరికంటే ఆయనకే ఎక్కువ అవసరం!

భీమవరం నుంచి బోస్టన్‌కు

బోర్డే ప్రయోగాలు మొదలుపెట్టిన 1895లోనే, జనవరి 12న భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. రాజమండ్రిలో, మద్రాసులో చదివాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన అన్నగారిని స్ప్రూ అనే విరేచనాల జబ్బు బలి తీసుకుంది. తనకూ అదే జబ్బు వస్తే డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నాడు. మామగారు సమకూర్చిన సొమ్ముతో, కాకినాడలోని మల్లాది సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతో ఓడెక్కి బోస్టన్ చేరాడు.

హార్వర్డులో ఫిస్క్ అనే ప్రొఫెసరుతో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రచురించాడు. కండరాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని గుర్తించినవారిలో ఆయన ఒకడు. 1940లో హార్వర్డు విడిచి లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళాడు. అప్పుడు రెండో ప్రపంచయుద్ధం జరుగుతోంది. పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులు ఫైలేరియా బారిన పడుతున్నారు. మందు కావాలి. సుబ్బారావు నాయకత్వంలోని బృందం అనేక రసాయనాలను పురుగులున్న ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించి చివరికి డి.ఇ.సి.ని పట్టుకుంది. తాను పుట్టిన డెల్టాను తరతరాలుగా పీడించిన బోదకాలుకు మందు అలా అమెరికాలోని పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్ళో తయారైంది. అన్నగారి ప్రాణం తీసిన స్ప్రూకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసిందీ ఆయన నడిపిన పరిశోధనశాలే. 1948 ఆగస్టులో, 53వ ఏట, ఆయన నిద్రలోనే కన్నుమూశాడు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ పథకం 1955లో మొదలైంది. ఈ వ్యాధి మీద శిక్షణకు, పరిశోధనకు రాజమండ్రిలో ప్రత్యేకంగా ఒక కేంద్రం వెలిసింది. ఊరందరికీ ఒకేసారి ఏడాదికోసారి మాత్రలిచ్చే పద్ధతి 2004 నుంచి దేశమంతటా విస్తరించింది. పెద్ద పురుగు ఏళ్ళ తరబడి బతికి పిల్లలను కంటూనే ఉంటుంది గనుక ఒక్క ఏడాది మాత్రతో పని తీరదు. ఏటేటా పిల్లలను తుడిచిపెడుతూ పోతే దోమకు మోసుకుపోవడానికి ఏమీ మిగలదు. పెద్ద పురుగు ముసలిదై చచ్చేదాకా అలా చెయ్యాలి. పదిమందిలో నలుగురు మాత్ర దాచేస్తే మిగిలిన ఆరుగురి శ్రమా వ్యర్థమవుతుంది.

కాపలావాడే కన్నం వేస్తే

కాంప్లిమెంట్ దళం లోపించినా ప్రమాదమే, హద్దు మీరినా ప్రమాదమే. చివరి అంకెల మాంసకృత్తులు పుట్టుకతో లేనివారికి మెదడు పొరల వాపు జ్వరం మళ్ళీ మళ్ళీ రావచ్చు. లాకు మూసే మాంసకృత్తు ఒకటి లోపించిన కుటుంబాల్లో పెదవులు, ముఖం, ఒక్కొక్కప్పుడు గొంతు హఠాత్తుగా వాస్తాయి. ఇవి అరుదు. తరచు కనిపించేవి మరికొన్ని ఉన్నాయి.

పిల్లలకు గొంతునొప్పి వచ్చిన ఒకటి నుంచి మూడు వారాలకు, లేదా గజ్జి కురుపులు చీము పట్టిన మూడు నుంచి ఆరు వారాలకు, పొద్దున్నే ముఖం ఉబ్బి, మూత్రం టీ డికాక్షను రంగులో వస్తే అది మూత్రపిండాల వాపు కావచ్చు. క్రిమికి, యాంటీబాడీకి పుట్టిన ముద్దలు మూత్రపిండాల జల్లెడలో ఇరుక్కుంటే కాంప్లిమెంట్ అక్కడికి దండెత్తుతుంది. దళమంతా అక్కడే ఖర్చయిపోవడంతో రక్తంలో సి-3 తగ్గుతుంది. డాక్టరు సి-3 పరీక్ష రాసేది అందుకే. చాలామంది పిల్లల్లో ఇది ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మామూలు స్థితికి వస్తుంది. రాకపోతే వేరే జబ్బేదో ఉన్నదని వెదకాలి. కాబట్టి, "వాపు తగ్గింది గదా, మళ్ళీ పరీక్షెందుకు?" అని మానెయ్యకండి.

లూపస్ అనే జబ్బు ఎక్కువగా యుక్తవయసు స్త్రీలకు వస్తుంది. కీళ్ళనొప్పులు, ఎండ తగిలితే బుగ్గల మీద ఎర్రని మచ్చలు, జుట్టు రాలడం దీని లక్షణాల్లో కొన్ని. ఇందులో రక్షణ వ్యవస్థ సొంత శరీరాన్నే శత్రువనుకుంటుంది. జబ్బు తిరగబెట్టే ముందు, తిరగబెట్టినప్పుడు చాలామందిలో సి-3, సి-4 పడిపోతాయి. కీళ్ళవాతంలో కూడా వాచిన కీలులో కాంప్లిమెంట్ రగులుతూ ఉంటుంది.

ఇలాంటి వేళ రక్షణ వ్యవస్థకు పగ్గం వెయ్యాలి. ఆ పనికి ప్రపంచమంతటా వాడే ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. చిత్రమేమంటే ఇదీ సుబ్బారావు పరిశోధనశాల నుంచి వచ్చిన కుటుంబంలోదే. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే పదార్థాలను ఆయన బృందం తయారు చేసింది. వాటిలో ఒకదానితో సిడ్నీ ఫార్బర్ అనే బోస్టన్ డాక్టరు, రక్త కాన్సరు వచ్చిన పిల్లలకు తాత్కాలికంగా ఉపశమనం కలిగించి 1948లో ప్రకటించాడు. 1951లో ఇదే జాతి మందును కీళ్ళవాతానికి వాడి చూశారు.

ఈ మందు విషయంలో ఒక హెచ్చరిక ప్రతి ఇంట్లోనూ గుర్తుండాలి. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వేసుకోవలసింది వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నోరు పూయడం, తెల్లకణాలు పడిపోవడం, రక్తస్రావం జరుగుతాయి. ఏ వారమో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని, మాత్రల డబ్బాకు అంటించండి. చదువురాని పెద్దవాళ్ళకు ఇంట్లో ఒకరు బాధ్యత తీసుకుని ఇవ్వాలి. గర్భిణులు, గర్భం కోరుకునేవారు ఇది వాడకూడదు. డాక్టరు చెప్పిన గడువులో రక్త పరీక్షలు మానకూడదు.

ఇంట్లో చెయ్యవలసినవి

మీ ఊళ్ళో ఫైలేరియా మాత్రలు పంచినప్పుడు ఖాళీ కడుపుతో కాక, భోజనం చేశాక, ఇచ్చినవారి ఎదుటే మింగండి. వయసును బట్టి మోతాదు వారే చెప్తారు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, జబ్బుతో మంచాన ఉన్నవారికి ఇవ్వరు. జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే పారాసిటమాల్ వేసుకుని, నీళ్ళు బాగా తాగి విశ్రాంతి తీసుకోండి. రెండు రోజులకూ తగ్గకపోతే, కళ్ళు తిరిగినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి.

గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం మాటిమాటికీ వస్తుంటే నాటుమందులతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించండి.

కాలు ఇదివరకే వాచి ఉంటే మాత్ర వల్ల అది పూర్తిగా తగ్గదు. కాని వాపు పెరగకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్న పని. ఆ కాలికి మాటిమాటికీ వచ్చే జ్వరానికి, మంటకు ఎక్కువసార్లు కారణం పురుగు కాదు, వేళ్ళ సందుల్లో పగుళ్ళగుండా దూరే క్రిములు. రోజూ సబ్బుతో, చల్లని నీళ్ళతో కాలు కడిగి, మెత్తని గుడ్డతో వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. పగుళ్ళకు డాక్టరు చెప్పిన మలాము రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి, పడుకునే చోట కాళ్ళవైపు ఎత్తు చెయ్యాలి, చీలమండ తిప్పే వ్యాయామం చెయ్యాలి. చేలో దిగి పనిచేసేవారు ఇంటికి రాగానే ముందు చెయ్యవలసింది ఇదే. వరిబీజానికి ఆపరేషను ఉన్నది, సిగ్గుపడి దాచుకోకండి.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: బి.పి., షుగరు ఉన్నవారు ఫైలేరియా మాత్ర వేసుకోవచ్చా?
జవాబు: జబ్బు అదుపులో ఉండి, మామూలుగా తిరుగుతున్నవారు భోజనం తర్వాత వేసుకోవచ్చు. వాడుతున్న మందుల వివరం మాత్రలు ఇచ్చేవారికి చెప్పండి.

ప్రశ్న: సి-3 తక్కువ ఉన్నదన్నారు. పెరగడానికి టానిక్కు ఏదైనా ఉందా?
జవాబు: లేదు. సి-3 తగ్గడం జబ్బు కాదు, జబ్బు పెట్టిన గుర్తు. దళం ఎక్కడ ఖర్చవుతున్నదో కనుక్కుని దానికి వైద్యం చేస్తే అదే పెరుగుతుంది.

ప్రశ్న: గత ఏడాది మాత్ర వేసుకున్నాను. మళ్ళీ ఎందుకు?
జవాబు: పిల్లలు చచ్చినా పెద్ద పురుగు మిగిలి ఉండవచ్చు. పంపిణీ జరిగినన్నాళ్ళూ ఏడాదికోసారి వేసుకోవలసిందే.